మేనిఛాయ మీద వాలే రంగులు: సహజ వెలుగులో పోర్ట్రెయిట్ తీసేవారికి

పచ్చిక మీద నిలబెట్టి తీసిన పోర్ట్రెయిట్‌ను తెర మీద పెద్దది చేసి చూసినప్పుడు, నుదురూ చెంపలూ బాగానే ఉండి, గడ్డం కింద, దవడ అంచున, ముక్కుపుటాల అడుగున మాత్రం పసరు పూసినట్టు ఒక ఆకుపచ్చ జీర కనిపించడం చాలామందికి అనుభవమే. తీస్తున్నప్పుడు కంటికి అది ఆనదు. ఎదుటి మనిషి ఆరోగ్యంగానే ఉన్నారు, వెలుగు మెత్తగా, అనువుగానే ఉంది. అయినా ఫోటోలోకి వచ్చేసరికి నాలుగు రోజులు జ్వరపడి లేచినట్టు కనిపిస్తారు. ఫోటోగ్రాఫర్లు కలర్ కాస్ట్ అనేది దీన్నే. కళ్ళలో ఎర్రజీర అంటాం కదా, ఆ పోలికతో నేను దీన్ని రంగు జీర అంటాను.

ఈ జీర విషయంలో ముందుగా ఒక్కటి తేల్చుకుంటే మిగతా పని చాలావరకు తేలికవుతుంది. ముఖమంతటా ఒకే రంగు సమంగా పరుచుకుందా, లేక ముఖంలో ఒక భాగం మీద ఒక రంగు, మరో భాగం మీద మరో రంగు పడ్డాయా అన్నది చూసుకోవాలి. మొదటి రకాన్ని, తెలుపు తెల్లగా వచ్చేలా రంగులన్నిటినీ కలిపి సర్దే వైట్ బ్యాలెన్స్ అనే ఒక్క సవరణతో, ఫోటో తీశాక కూడా, తీరిగ్గా సరిచేయవచ్చు. రెండో రకం ఎడిటింగ్ సాఫ్ట్‌వేర్‌లోని ఏ ఒక్క స్లైడర్‌కూ (జరిపి సర్దే మీటకూ) లొంగదు. ఒకచోట బాగుచేస్తే మరోచోట చెడుతుంది. అందుకే దాన్ని ఫోటో తీయకముందే, మనిషిని కదిపి గాని, వెలుగును అడ్డుకుని గాని నివారించుకోవాలి. ఈ తేడా తెలియని రోజుల్లో నేను పైన చెప్పినలాంటి పచ్చిక ఫోటో ఒకటి ముందేసుకుని, ఆకుపచ్చనూ దాని ఎదుటి రంగైన మెజెంటానూ సర్దే టింట్ స్లైడర్‌ను మెజెంటా వైపు జరిపి గడ్డం కింది పసరును పోగొట్టాను. గడ్డం బాగుపడింది, నుదురు గులాబీ రంగుకు తిరిగింది. నుదురు కోసం వెనక్కి లాగితే గడ్డం మళ్ళీ మొదటికొచ్చింది. ఒక సాయంత్రమంతా ఆ స్లైడర్‌ను అటూ ఇటూ లాగాక గాని, నేను సరిచేయబోతున్నది ఒక వెలుగును కాదనీ, రెండు వెలుగుల మధ్య తగవు తీర్చబోతున్నాననీ తెలిసిరాలేదు.

కన్ను దాచిపెట్టే సంగతి

తెల్ల కాగితం ఎండలోనూ, చెట్టు నీడలోనూ, రాత్రి బల్బు కిందా మనకు తెల్లగానే కనిపిస్తుంది. పడుతున్న వెలుగు రంగును మెదడు ఎప్పటికప్పుడు లెక్కలోంచి తీసివేసి, వస్తువు రంగును మాత్రమే మనకు అందిస్తుంది. బతకడానికి ఇది చాలా ఉపయోగపడే గుణమే గాని, ఫోటో తీయడానికి మాత్రం అడ్డంకి. కెమెరా సెన్సర్‌కు ఈ సర్దుబాటు లేదు; తన మీద పడ్డ ఎరుపు, ఆకుపచ్చ, నీలం పాళ్ళను ఉన్నవున్నట్టు నమోదు చేసుకుంటుంది. కెమెరాలోని ఆటో వైట్ బ్యాలెన్స్ మెదడు చేసే పనిని అనుకరించబోతుంది గాని, ఎదురుగా ఉన్నది పచ్చగా ఉండడానికి కారణం వెలుగు పచ్చగా ఉండడమా, వస్తువే పచ్చనిదా అన్నది దానికి ఊహ మాత్రమే.

ఇందుకు నేను పాటించే పద్ధతి చాలా మోటుది. మనిషిని ఎక్కడ నిలబెట్టాలనుకున్నానో అక్కడికి ముందు నా చేతిని పంపిస్తాను. ముఖం ఉండబోయే ఎత్తులో పిడికిలి పట్టి, మణికట్టును మెల్లగా తిప్పుతూ, పిడికిలి పైభాగం, పక్కలు, అడుగుభాగం వేర్వేరుగా చూస్తాను. పిడికిలి అంటే ఒక చిన్న తలకాయే: కణుపులు నుదురూ చెక్కిళ్ళూ అయితే, చిటికెనవేలి కింది భాగం దవడ. పైభాగానికీ అడుగుభాగానికీ రంగులో తేడా చేతి మీదే తెలుస్తుంటే, ముఖం మీద అంతకన్నా ఎక్కువగా తెలుస్తుంది. ఇది కొంత సాధన మీద గాని పట్టుబడదు. అంతవరకు మరో ఉపాయం ఉంది: రా ఫైలు (సెన్సర్ నమోదు చేసినదాన్ని మార్చకుండా దాచే ఫైలు) తీస్తున్నప్పుడు, కెమెరాలో బొమ్మ తీరును మార్చే పిక్చర్ స్టైల్‌లో శాచురేషన్‌ను, అంటే రంగుల గాఢతను, చివరికంటా పెంచి ఒక పరీక్ష ఫోటో తీయండి. రా ఫైలుకు దానివల్ల ఏ నష్టమూ ఉండదు, వెనుక తెర మీద కనిపించే బొమ్మలో మాత్రం దాగి ఉన్న రంగులన్నీ కేకపెట్టినట్టు బయటపడతాయి.

ఎండ, మబ్బు, నీడ

వెలుగు రంగును కెల్విన్‌లలో చెబుతారు. సూర్యోదయ, సూర్యాస్తమయ వేళల్లో ఎండ 2000 నుంచి 3500 కెల్విన్ మధ్య, అంటే బాగా నారింజగా ఉంటుంది. మధ్యాహ్నపు ఎండ 5200 నుంచి 5500 వరకు ఉంటుంది. మబ్బు పట్టిన పగలు 6000 నుంచి 7000 దాకా వెళుతుంది. నేరుగా ఎండ పడకుండా, పైన నీలాకాశం మాత్రం తెరిచి ఉన్న నీడలో 7000 నుంచి 10000 దాకా, ఒక్కోసారి అంతకుమించి కూడా ఉంటుంది. నీడ అంత నీలంగా ఉండడానికి కారణం ఆకాశమే. గాలిలోని అణువులు తక్కువ తరంగదైర్ఘ్యం గల కాంతిని ఎక్కువగా చెదరగొడతాయి. ఈ చెదరడం తరంగదైర్ఘ్యం నాలుగో ఘాతానికి విలోమంగా ఉంటుంది కనుక, 450 నానోమీటర్ల నీలం 650 నానోమీటర్ల ఎరుపు కంటే నాలుగు రెట్లకు పైగా చెదురుతుంది. ఎండ పడని చోట నిలబడ్డ మనిషి ముఖాన్ని వెలిగించేది ఆ చెదిరిన నీలమే.

కెమెరాలో ఈ అంకెను పెట్టేటప్పుడు కొత్తవారు తప్పకుండా ఒకసారి తికమకపడతారు. 8000 అంటే నీలి వెలుగు కదా, కెమెరాలో 8000 పెడితే బొమ్మ నారింజగా ఎందుకు మారుతోందని అడుగుతారు. మనం పెట్టే అంకె బొమ్మకు రంగు వేయమని చెప్పేది కాదు, ఇక్కడి వెలుగు ఇంత నీలంగా ఉందని కెమెరాకు చెప్పేది. అది విని కెమెరా అంత నీలాన్ని తగ్గించడానికి నారింజను కలుపుతుంది. చాలా కెమెరాల్లో డేలైట్ గుర్తు 5200 దగ్గర, క్లౌడీ 6000 దగ్గర, షేడ్ 7000 నుంచి 8000 మధ్య ఉంటాయి. ఇంకొక సంగతి: ఈ కొలతలో అంకెల మధ్య దూరాలు కంటికి సమానం కావు. 3000 నుంచి 3200కు జరిపితే ముఖం రంగు స్పష్టంగా మారుతుంది. 8000 నుంచి 8200కు జరిపితే మారిందో లేదో కనిపెట్టడం కష్టం. పది లక్షలను కెల్విన్‌తో భాగిస్తే వచ్చే మైరెడ్ అనే కొలతలో చూస్తే మొదటి మార్పు దాదాపు 21, రెండోది 3 మాత్రమే. అందువల్ల సాయంకాలపు వెలుగులో స్లైడర్‌ను సుతారంగా, నీడలో ధారాళంగా జరపాలి.

కెల్విన్ కొలత చెప్పేది నీలం నుంచి నారింజ దాకా ఉన్న ఒక్క దారి గురించే. ఆకుపచ్చ నుంచి మెజెంటా దాకా సాగే రెండో దారికి టింట్ అని వేరే స్లైడర్ ఉన్నది అందుకే. ఎండ, ఆకాశం, మబ్బు అన్నీ మొదటి దారిలోనే ఉంటాయి కనుక తెరిచిన చోట టింట్‌తో పెద్దగా పని పడదు. చెట్లూ, పచ్చికా, రంగుటద్దాలూ రంగప్రవేశం చేసినప్పుడే దాని అవసరం వస్తుంది.

అరువు రంగు

ఏ గోడ పక్కన నిలబడితే ఆ గోడ రంగు మనిషికి కొంత అంటుకుంటుంది. ఇటుక గోడ నారింజను, నీలం తలుపు నీలాన్ని, పచ్చిక ఆకుపచ్చను ముఖం మీదికి విసురుతాయి. ఆకుల్లోని పత్రహరితం ఎరుపునూ నీలాన్నీ పీల్చుకుని ఆకుపచ్చను వదిలిపెడుతుంది. అందుకే దట్టమైన చెట్టు కింద పైనుంచి ఆకుల్లోంచి దిగే వెలుగూ పచ్చగానే ఉంటుంది, కింద పచ్చిక మీంచి లేచే వెలుగూ పచ్చగానే ఉంటుంది. పోర్ట్రెయిట్‌కు చెట్టు నీడ మంచిదని అందరూ చెబుతారు. నా అభిప్రాయంలో చెట్టు కింద నడిమధ్య చోటు పోర్ట్రెయిట్‌కు అన్నిటికన్నా చెడ్డది, నీడ అంచు అన్నిటికన్నా మంచిది. అంచున నిలబెట్టి ముఖాన్ని బయటి ఆకాశం వైపు తిప్పితే, ముఖాన్ని ప్రధానంగా వెలిగించేది ఆకాశం అవుతుంది. ఆకాశపు నీలం ముఖమంతటా సమంగా పడుతుంది కనుక అది మొదటి రకం జీర. ఒక్క స్లైడర్‌తో పోతుంది.

అరువు రంగు బలం మూడింటి మీద ఆధారపడుతుంది: ఆ ఉపరితలం ఎంత పెద్దది, ఎంత దగ్గర, దాని మీద ఎంత వెలుగు పడుతోంది. మూడోదాన్ని చాలామంది మరిచిపోతారు. మనిషి నీడలో ఉండి, కాళ్ళ ముందున్న పచ్చిక మీద మాత్రం మిట్టమధ్యాహ్నపు ఎండ పడుతుంటే, ఆ పచ్చిక ఒక పెద్ద ఆకుపచ్చ దీపంతో సమానం. అదే పచ్చిక కూడా నీడలోనే ఉంటే దాని ప్రభావం చాలావరకు తగ్గుతుంది. కనుక నేల రంగుది అయినప్పుడు దాని మీద ఎండ పడుతోందో లేదో చూసి చోటు ఎంచుకోవాలి. వీలైతే మట్టి, ఇసుక, సిమెంటు, రాయి లాంటి నిండుగా రంగులేని నేలను వెతకాలి. ఎండ పడ్డ సిమెంటు నేల లేతగా వెచ్చని వెలుగును కిందినుంచి పంపి, కళ్ళ కింది నీడలను కూడా మెత్తబరుస్తుంది. డబ్బు ఖర్చులేని రిఫ్లెక్టర్ అదే.

నేలను మార్చలేనప్పుడు దాన్ని కప్పేయవచ్చు. ఫ్రేములోకి రాకుండా మనిషి ముందు నేల మీద ఒక తెల్ల దుప్పటి పరిస్తే ఆకుపచ్చ స్థానంలో తెలుపు వస్తుంది. నల్ల గుడ్డ పరిస్తే కిందినుంచి వచ్చే వెలుగే ఆగిపోయి దవడ కింద నీడ చిక్కబడుతుంది. ముఖం గుండ్రంగా, మృదువుగా రావాలంటే తెలుపు, ఎముక తీరు తెలియాలంటే నలుపు. బంగారు రంగు రిఫ్లెక్టర్‌ను మాత్రం నీడలో వాడవద్దని నా గట్టి సలహా. పైనుంచి ఆకాశపు నీలం, కిందినుంచి బంగారు పసుపు కలిసి ఒకే ముఖం మీద రెండు ఋతువుల్ని నిలబెడతాయి. మనం తప్పించుకోవాలనుకున్న రెండో రకం జీరను చేతులారా కొని తెచ్చుకోవడమే అది.

బట్టలు కూడా ఇదే పని చేస్తాయి. ముదురు గులాబీ, చిలకపచ్చ, నిండు పసుపు రంగుల చొక్కా మీద ఎండ పడితే మెడా, గడ్డం అడుగూ ఆ రంగులోకి తిరుగుతాయి. చొక్కా గడ్డానికి జానెడు దూరంలో ఉంటుంది కనుక దాన్ని తప్పించుకోవడం గోడను తప్పించుకున్నంత సులువు కాదు. నిండు రంగు బట్టలే వేసుకుని వచ్చినవారిని ఎండలో కాకుండా మబ్బు వెలుగులో తీయడం, తలను కాస్త పైకెత్తమని చెప్పడం తప్ప పెద్ద మార్గం లేదు. ఫోటోగ్రాఫర్ వేసుకున్న చొక్కా కూడా లెక్కలోకి వస్తుంది. దగ్గరి నుంచి తీసేటప్పుడు నేను బూడిద రంగో, నలుపో వేసుకోవడానికి కారణం అదే, అభిరుచి కాదు.

కిటికీ పక్కన తీసేటప్పుడు పని ఇంతకన్నా సులువు. గదిలోని దీపాలన్నీ ఆర్పివేయాలి. కిటికీ వెలుగు 6500 దగ్గర, బల్బు 2700 దగ్గర ఉన్నప్పుడు ముఖం సగం నీలం, సగం నారింజ అవుతుంది, దాన్ని తర్వాత సరిచేయబోవడం వృథా శ్రమ. ఆ తర్వాత కర్టెన్ రంగు, అద్దం రంగు చూసుకోవాలి. చాలా కిటికీ అద్దాలకు లేత ఆకుపచ్చ ఉంటుంది. అది సమంగా వచ్చే జీరే కనుక టింట్ స్లైడర్‌తో పోతుంది.

గ్రే కార్డు, కాగితం, ఆటో

ఒక్క చోట, ఒక్క వెలుగులో వరుసగా ఫోటోలు తీస్తున్నప్పుడు ఆటో వైట్ బ్యాలెన్స్‌ను ఆపివేయడం మంచిది. రా ఫైలులో ఎలాగూ తర్వాత మార్చుకోవచ్చు కదా అనవచ్చు. నిజమే, కాని మనిషి కాస్త పక్కకు తిరిగి వెనుక దృశ్యం మారినప్పుడల్లా ఆటో తన ఊహను మార్చుకుంటుంది. చివరికి యాభై ఫోటోలకు యాభై రకాల మేనిఛాయలు మిగులుతాయి. ఒక అంకె దగ్గర బిగించి తీస్తే, తప్పున్నా అన్నిటిలో ఒకే తప్పు ఉంటుంది. ఒకదాన్ని దిద్ది మిగతావాటికి అదే సవరణ అంటించవచ్చు. కెమెరాయే రంగులు ఖాయం చేసి కుదించి ఇచ్చే జేపెగ్ మాత్రమే తీసేవారికైతే ఇది సలహా కాదు, తప్పనిసరి. రంగుకు 256 మెట్లు మాత్రమే ఉన్న జేపెగ్‌ను తర్వాత గట్టిగా లాగితే చర్మం మీద చారలూ, మచ్చలూ తేలతాయి.

వైట్ బ్యాలెన్స్ కొలవడానికి వాడే, ఏ రంగు వైపూ ఒరగని బూడిద రంగు అట్ట అయిన గ్రే కార్డును మనిషి చేతికిచ్చి, ముఖం పక్కనే, ముఖం ఏ వైపు తిరిగి ఉందో కార్డు కూడా ఆ వైపే తిరిగి ఉండేలా పట్టుకోమనాలి. కార్డును ఆకాశం వైపు వెల్లకిలా పడుకోబెడితే అది ఆకాశాన్ని కొలుస్తుంది, ముఖాన్ని కాదు. కార్డు లేనప్పుడు తెల్ల కాగితం వాడే అలవాటు చాలామందికి ఉంది. మామూలు ప్రింటర్ కాగితంలో మరింత తెల్లగా కనిపించడానికి కలిపే రసాయనాలు ఎండలోని అతినీలలోహిత కిరణాలను పీల్చుకుని నీలి కాంతిగా బయటికి వదులుతాయి. ఆ కాగితాన్ని తెలుపుగా నమ్మిన కెమెరా లేని నీలాన్ని తగ్గించబోయి ముఖాన్ని పసుపు చేస్తుంది. ఉతికి నీలిమందు పెట్టిన తెల్ల చొక్కా, తెల్లదనం పెంచే సబ్బుపొడితో ఉతికిన బట్ట కూడా ఇలాగే మోసం చేస్తాయి. పళ్ళూ, కంటి తెల్లగుడ్డూ అసలు తెలుపే కావు. పళ్ళలో పసుపు, కళ్ళలో ఎరుపు సహజం. ఏ రంగూ లేని చోటు ఇదని సాఫ్ట్‌వేర్‌కు చూపే ఐడ్రాపర్‌తో వాటి మీద నొక్కి వైట్ బ్యాలెన్స్ చేస్తే ముఖం నీలానికో, ఆకుపచ్చకో తిరుగుతుంది.

చర్మం అసలు రంగు ఏది

తెలుగులో తెల్లటి మనిషిని ఎర్రగా ఉన్నాడంటాం. ఆ మాట రంగు శాస్త్రానికి ఆశ్చర్యమనిపించేంత దగ్గరగా ఉంది. చర్మం రంగును ప్రధానంగా నిర్ణయించేవి పైపొరలోని మెలనిన్, దాని కింద రక్తంలోని హిమోగ్లోబిన్. మెలనిన్ ఎక్కువ తక్కువలను బట్టి చర్మం లేతగానో ముదురుగానో ఉంటుంది. హిమోగ్లోబిన్ 540 నుంచి 580 నానోమీటర్ల ప్రాంతంలో ఆకుపచ్చ, పసుపుపచ్చ కాంతిని పీల్చుకుని ఎరుపును తిప్పి పంపుతుంది. రక్తం అందరిదీ ఒకటే కనుక, మేనిఛాయలు ఎన్ని రకాలుగా ఉన్నా వాటి వర్ణం మాత్రం ఎరుపుకూ పసుపుకూ మధ్య ఒక ఇరుకైన పట్టీలోనే పడుతుంది. వీడియో రంగులు సరిచేసేవారు రంగులను వృత్తం మీద చూపే వెక్టర్‌స్కోప్ మీద స్కిన్ టోన్ గీత అని ఒక్కటే గీత వాడేది అందుకే. చర్మంలో ఆకుపచ్చ కాస్త ఎక్కువైనా మనిషి రోగిలా కనిపించడానికీ ఇదే మూలం. చర్మం తిప్పి పంపకూడని రంగు అది.

అంకెల్లో చూసుకోవాలంటే, ఎడిటింగ్ సాఫ్ట్‌వేర్‌లో నేరుగా వెలుగు పడిన చెంప మీద, మెరుపు లేని చోట మౌస్ ఉంచి పాళ్ళు చదవాలి. దాదాపు ప్రతి మేనిఛాయలోనూ ఎరుపు అన్నిటికన్నా ఎక్కువ, ఆకుపచ్చ దాని తర్వాత, నీలం అన్నిటికన్నా తక్కువ ఉండాలి. ఉదాహరణకు చామనచాయ ముఖం మీద ఎరుపు 68 శాతం, ఆకుపచ్చ 52, నీలం 41 ఉంటే నాకు అనుమానం రాదు. నీలం ఆకుపచ్చను దాటిపోతే ముఖం వంగపండు రంగుకు పోతోందని అర్థం. ఆకుపచ్చ ఎరుపును అందుకోబోతుంటే పసరు మొదలైందన్నమాట. ఈ అంకెలు దారి చూపడానికే గాని, ప్రతి ముఖాన్నీ వాటికి ఈడ్చుకు రావడానికి కాదు. చెవులూ, ముక్కు కొసా, వేళ్ళ కణుపులూ మిగతా ముఖం కంటే ఎర్రగా ఉండడం సహజం. వెనుక నుంచి ఎండ పడినప్పుడు చెవితమ్మె ఎర్రగా వెలగడం కూడా రంగు జీర కాదు, పలచని చర్మంలోంచి దూరి వస్తున్న వెలుగు.

సరైన మేనిఛాయ ఏదన్న ప్రశ్నకు పరిశ్రమ చాలాకాలం ఒకే ముఖం చూసి జవాబు చెప్పింది. 1950లలో కోడాక్ ల్యాబులకు పంపిన రిఫరెన్స్ కార్డుల మీద తెల్లజాతి మహిళ ఫోటో ఉండేది. వాటికి షర్లీ కార్డులని పేరు పడింది. ప్రింట్ల రంగులను ఆమె చర్మం సరిగ్గా వచ్చేలా సర్దేవారు. ముదురు మేనిఛాయలు ఆ సర్దుబాటులో వివరాలు కోల్పోయి ముద్దగా వచ్చేవి. 1990లలో గాని వేర్వేరు మేనిఛాయల మనుషులున్న కార్డులు రాలేదు. 1976లో మాక్‌బెత్ కంపెనీ పేరుతో వచ్చిన 24 గడుల రంగుల పరీక్షా పటం కలర్‌చెకర్‌లో మాత్రం మొదటి గడి ముదురు చర్మం, రెండోది లేత చర్మం. ఇదంతా పాత కథే అయినా, ముందే సిద్ధం చేసి ఉంచిన సవరణలైన ప్రీసెట్లు వాడేవారికి నేటికీ పనికొస్తుంది. ఎవరో తమ ముందున్న ముఖాలకు తగినట్టు చేసుకున్న ప్రీసెట్‌ను మరో మేనిఛాయ మీద వేస్తే అది తన మొదటి ముఖం కోసమే వెతుక్కుంటుంది.

ముదురు మేనిఛాయను తీసేటప్పుడు ప్రత్యేకంగా చూసుకోవలసింది నిగారింపు. చర్మం పైపొర నుంచి అద్దంలా తిరిగి వచ్చే వెలుగులో చర్మం రంగు కలవదు. వచ్చిన వెలుగు రంగు మాత్రమే ఉంటుంది. లేత చర్మంలో లోపలినుంచి వచ్చే వెలుగు ఎక్కువ కనుక ఈ మెరుపు అందులో కలిసిపోతుంది. ముదురు చర్మంలో అది స్పష్టంగా విడిగా కనిపిస్తుంది. ఆకాశం కింద తీస్తే నుదుటి మీదా, చెక్కిలి ఎముక మీదా నీలపు పొర, చెట్టు కింద తీస్తే పచ్చని పొర తేలుతుంది. పొడి అద్ది దాన్ని చంపేయడం ఒక పద్ధతి గాని, ముఖం రూపం తెలిపేదే ఆ నిగారింపు కనుక నేను దాన్ని ఉంచి, మనిషిని కొద్దిగా తిప్పి, నిగారింపులోకి మబ్బునో, లేత రంగు గోడనో తెచ్చుకుంటాను. అద్దంలో ఏది కనిపించాలో ఎంచుకున్నట్టే ఇదీ.

ఎక్స్‌పోజర్ కూడా రంగే

ఎక్స్‌పోజర్, అంటే సెన్సర్ మీద పడనిచ్చే వెలుగు పాలు, తప్పితే వైట్ బ్యాలెన్స్ సరిగ్గా ఉన్నా చర్మం రంగు చెడుతుంది. సాయంకాలపు ఎండలో ఎరుపు పాలు ఎక్కువ కనుక ఎరుపు చానెల్ అన్నిటికన్నా ముందు నిండిపోతుంది. అది గరిష్ఠమైన 255 దగ్గర ఆగిపోయాక, వెలుగు పెరిగేకొద్దీ ఆకుపచ్చ మాత్రం పెరుగుతూ పోతుంది; ఎరుపు నిలిచి ఆకుపచ్చ పెరిగితే వచ్చేది పసుపు. నుదుటి మీద, ముక్కు దూలం మీద మైనం ముద్దలా పసుపు మచ్చ తేలడానికి కారణం ఇదే. వెలుగు పంపకాన్ని గ్రాఫుగా చూపే తెల్ల హిస్టోగ్రామ్ ఒక్కటే చూస్తే ఇది తెలియదు; మూడు రంగుల హిస్టోగ్రామ్ తెరిచి ఎరుపు కొండ కుడి గోడను తాకుతోందేమో చూసి, అవసరమైతే స్టాప్‌లో (ఒక స్టాప్ అంటే వెలుగు రెట్టింపు గాని సగం గాని కావడం) మూడో వంతో, మూడింట రెండు వంతులో తగ్గించాలి.

కెమెరాలో వెలుగును కొలిచే మీటర్ ప్రతిదాన్నీ మధ్యస్థ బూడిద రంగు అనుకుంటుంది. ఫ్రేము నిండా లేత ముఖం ఉంటే దాన్ని చీకటి చేస్తుంది, ముదురు ముఖం ఉంటే వెలవెలపోయేలా చేస్తుంది. అరచేయి ఇందుకు మంచి సాధనం. అరచేతిలో మెలనిన్ తక్కువ కనుక మనుషుల మధ్య తేడా ముఖంలో ఉన్నంతగా ఉండదు. అది సుమారుగా గ్రే కార్డు కంటే ఒక స్టాప్ ప్రకాశవంతం. ముఖం ఉన్న వెలుగులో అరచేతిని కొలిచి, ఒక స్టాప్ పెంచితే ఏ మేనిఛాయ అయినా తన చోట తాను కూర్చుంటుంది. ముదురు మేనిఛాయను తక్కువ ఎక్స్‌పోజర్‌తో తీసి తర్వాత పైకి లేపడం మాత్రం వద్దు. నీడల్లోని రంగు నాయిస్ చర్మం మీద ఎరుపు, ఆకుపచ్చ చుక్కలుగా పైకి వస్తుంది.

ఎడిటింగ్‌లో

క్రమం తప్పితే ఇక్కడ చిక్కుల్లో పడతాం. ముందు టెంపరేచర్ (కెల్విన్ స్లైడర్), ఆ తర్వాత టింట్, ఆ తర్వాత ఎక్స్‌పోజర్. ఇవి కుదిరాకే, ఒక్క భాగాన్ని మాత్రమే ఎంచి సవరించే మాస్కులు. రంగు ఎటు ఒరిగిందో తెలియకపోతే శాచురేషన్‌ను ఒక్క క్షణం చివరికంటా లాగి, ఏ రంగు ఎగసిపడుతోందో చూసి, దాన్ని అణిచేదాకా టెంపరేచర్, టింట్‌లను జరిపి, శాచురేషన్‌ను మళ్ళీ సున్నాకు తేవాలి. గ్రే కార్డు ఫోటో ఉంటే ఐడ్రాపర్‌తో దాని మీద నొక్కి, వచ్చిన అంకెలను ఆ వరుసకంతా అంటించవచ్చు.

దవడ కింది పసరు లాంటి స్థానిక జీరకు బ్రష్ మాస్కు వేసి, ఆ భాగానికి మాత్రమే టింట్‌ను కొద్దిగా మెజెంటా వైపు జరపాలి. లైట్‌రూమ్ అనే ఎడిటింగ్ సాఫ్ట్‌వేర్‌లో 8, 10 అంకెలు సాధారణంగా చాలు. మాస్కు అంచు ముఖం పక్క భాగానికి తెలియకుండా కలిసిపోయేలా ఫెదర్ పెంచాలి. పసరు అలాగే మిగిలితే ఆ భాగం శాచురేషన్‌ను కాస్త తగ్గించడం, టింట్‌ను ఇంకా లాగడం కంటే మేలు. ఎండ పడిన చెంప బాగుండి, నీడ చెంప నీలంగా ఉన్నప్పుడు కూడా ఇదే పద్ధతి గాని, నీలాన్ని పూర్తిగా తీసేయకూడదు. ఎండ వైపు వెచ్చగా, నీడ వైపు కాస్త చల్లగా ఉండడం ప్రకృతిలో ఉన్నదే. సగం తగ్గిస్తే చాలు.

నారింజ రంగు ప్రకాశాన్ని మార్చే ల్యూమినెన్స్ స్లైడర్ జోలికి వెళ్ళేముందు ఒక్కసారి ఆగాలి. దాన్ని పైకి జరిపితే చర్మం తెల్లబడుతుంది. రంగు జీర తీయడమంటే వెలుగు తెచ్చిన రంగును వెనక్కి పంపడమే; మనిషి రంగును మార్చడం ఈ పనిలో లేదు. ముఖం చీకటిగా ఉంటే ఎక్స్‌పోజర్ పెంచండి. చేతులూ మెడా కూడా దానితోపాటే వెలిగి, ఒకే మనిషిలా ఉంటాయి. ఫోటో దిద్దేటప్పుడు నేను ముఖాన్నొక్కదాన్నే చూడను, ముంజేతిని కూడా పక్కన చూస్తాను. ముఖానికీ ముంజేతికీ ఉన్న తేడా అసలు మనిషిలో ఉన్న తేడాను దాటిందంటే ఎక్కడో చెయ్యి జారినట్టే.

సూర్యాస్తమయపు వెలుగు విషయంలో గ్రే కార్డు మాట పూర్తిగా వినకూడదు. కార్డు బూడిదగా రావాలని సరిచేస్తే ఆ నారింజ అంతా మాయమై, మధ్యాహ్నం తీసినట్టు ఉంటుంది. నేను 4500, 5000 మధ్య బిగించి తీసి, వెచ్చదనాన్ని ఉంచుకుంటాను. ఎండ ఇంకా కిందికి దిగి ముఖం ఇటుక రంగుకు పోతుంటే కొంత తగ్గిస్తాను. ఎంత ఉంచాలన్నది అభిరుచి. ముఖం మీదా, దృశ్యం మీదా ఒకే వెచ్చదనం ఉన్నంతవరకు చూసేవారికి అది సాయంకాలంలాగే కనిపిస్తుంది.

ఇదంతా చేసే తెర సరిగ్గా లేకపోతే శ్రమ వృథా. రాత్రిపూట నీలాన్ని తగ్గించే మోడ్ ఆన్‌లో ఉంచి మేనిఛాయ దిద్దితే, ఉదయానికి ఆ ముఖాలన్నీ నీలంగా కనిపిస్తాయి. దాన్ని ఆపి, తెరను 6500 కెల్విన్‌కు, ప్రకాశాన్ని చదరపు మీటరుకు 80 నుంచి 120 క్యాండెలాల మధ్యకు కొలిచే పరికరంతో సర్దుకోవాలి. రంగు గోడ ఎదురుగా కూర్చుని దిద్దకూడదు. పొద్దున్న పచ్చిక చేసిన పనినే సాయంత్రం ఆ గోడ మీ కంటికి చేస్తుంది. ఫోన్లలో చూసేవారి కోసం ఫైలును ఎస్‌ఆర్‌జీబీ అనే రంగుల ప్రమాణంలోనే ఎగుమతి చేయాలి. అడోబీ ఆర్‌జీబీలో పంపితే దాన్ని సరిగ్గా చదవలేని చోట చర్మం బూడిద కప్పినట్టు పాలిపోతుంది. ప్రింటు తీయిస్తే మాత్రం దుకాణం ట్యూబ్‌లైటు కింద చూసి నిర్ణయించకుండా, పగటిపూట కిటికీ దగ్గరికి తెచ్చుకుని, దీపాలు ఆర్పి, ఆ వెలుగులోనే చూడాలి.